తెరుచుకుని ఉన్న సిల్వియన్ ఫిషర్లు: జ్వరం తర్వాత మెడ నిలపలేకపోయిన తొమ్మిది నెలల బాబు

హైదరాబాద్‌లో పిల్లల న్యూరాలజిస్టుగా పనిచేస్తూ నేను చూసిన ఒక కుటుంబం కేసు ఇది. తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఒకటే జబ్బు: గ్లుటారిక్ అసిడూరియా టైప్ 1, అంటే ప్రోటీన్‌లోని కొన్ని భాగాలను ఒళ్ళు సరిగ్గా విరగ్గొట్టలేని, పుట్టుకతో వచ్చే జబ్బు. అన్న మెదడు స్కాన్ నష్టం జరిగిపోయాక తీసింది, చెల్లి స్కాన్ నష్టం జరగకముందు తీసింది. ఈ జబ్బులో ఎంఆర్ఐ ఏం చెప్పగలదో, ఎప్పుడు చెప్పగలదో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. పిల్లల డాక్టర్లు, స్కాన్లు చదివే రేడియాలజిస్టులు ఇది చదివితే బాగుంటుంది. తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

బాబు వచ్చినప్పటి పరిస్థితి

సూర్యాపేట వైపు కుటుంబం. తండ్రి ఉప్పల్‌లో ఉంటూ క్యాబ్ నడుపుతారు. మేనరికం పెళ్ళి. బాబు మొదటి సంతానం, నెలలు నిండాకే పుట్టాడు, పుట్టగానే ఏడ్చాడు. బరువు 2.9 కిలోలు. జబ్బుపడే దాకా అన్నీ కాస్త ఆలస్యంగానే అయినా జరుగుతూ వచ్చాయి. మెడ నిలబెట్టడం ఐదో నెలలో వచ్చింది. ఎనిమిదో నెలలో ఆసరాతో కూర్చునేవాడు, బొమ్మను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకునేవాడు, నాయనమ్మ గొంతు వినగానే నవ్వేవాడు. తల పెద్దదని ఇంట్లో అందరికీ తెలుసు. తాతది కూడా పెద్ద తలేనని, అదే పోలిక వచ్చిందని అనుకున్నారు.

ఒక సోమవారం జ్వరం, నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి. విరేచనాలు ఎక్కువవుతాయన్న భయంతో పాలు ఆపేసి, సగ్గుబియ్యం నీళ్ళు, మధ్యమధ్యలో గ్లూకోజ్ నీళ్ళు పట్టారు. మూడో రోజు పొద్దున బాబు మెడ వాలిపోయింది. ఎత్తుకుంటే ఒళ్ళంతా వేలాడుతోంది, పడుకోబెడితే వీపు విల్లులా వంగిపోతోంది, చేతులు మెలికలు తిరుగుతున్నాయి. దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఫిట్స్ అనుకుని వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టారు, మెదడువాపు అనుమానంతో వెన్నులో నీరు తీసి పరీక్ష చేశారు. ఆ నీరు నార్మల్. మందు మోతాదు పెంచినా మెలికలు తగ్గకపోయేసరికి మా దగ్గరికి పంపించారు.

నేను చూసేసరికి బాబు మెలకువగానే ఉన్నాడు. అన్నిటికన్నా ముందు నా దృష్టి దాని మీదే పడింది. వాళ్ళమ్మ కదిలిన వైపల్లా కళ్ళు తిప్పి చూస్తున్నాడు. నడుము, మెడ మెత్తగా ఉన్నాయి. కానీ చెయ్యి తాకినా, డైపర్ మార్చినా ఒళ్ళంతా బిగుసుకుపోయి, నాలుక బయటికి నెట్టుకొచ్చి, ఒక చెయ్యి వీపు వెనక్కి తిరిగిపోతోంది. నిద్రపోతే ఇదంతా ఆగిపోతోంది. తల్లి ఫోన్‌లో తీసిన వీడియోలో కూడా ఇదే. ఫిట్స్‌లో ఇలా ఉండదు. ఇది డిస్టోనియా, అంటే కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియా దెబ్బతిన్నప్పుడు వచ్చే మెలి. అలా మెలితిరుగుతున్న సమయంలోనే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీస్తే అందులో ఫిట్స్ జాడ లేదు.

తర్వాత టేపు తీసి తల చుట్టుకొలత చూశాను. 48.2 సెంటీమీటర్లు. ఈ వయసు మగపిల్లల్లో మధ్యస్థం 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. బాబు కొలత 97వ పర్సెంటైల్ గీత (నూటికి 97 మంది పిల్లల కొలత దీనికి లోపలే ఉంటుంది) దాటి బాగా పైన ఉంది. టీకాల కార్డు మీద ఆరో నెలలో ఎవరో శ్రద్ధగా 46.4 అని రాసి పెట్టారు. ఆ నర్సమ్మ ఎవరో గానీ నాకు చాలా మేలు చేసింది. తల అంతకుముందు నుంచే గీత దాటి పెరుగుతోందని ఆ ఒక్క అంకెతో తేలింది. తండ్రి తల, తాత తల కూడా కొలిచాను. రెండూ మామూలుగానే ఉన్నాయి. కాబట్టి ఇది పోలిక కాదు.

రక్త పరీక్షల్లో గట్టిగా పట్టుకోదగ్గదేమీ లేదు. షుగర్ 64, బైకార్బొనేట్ 17, అమ్మోనియా కొద్దిగా ఎక్కువ, మూత్రంలో కీటోన్లు ఉన్నాయి. మూడు రోజులు విరేచనాలైన ఏ బిడ్డకైనా ఇలాగే ఉండొచ్చు. ఈ జబ్బులో మనల్ని దారి తప్పించేది ఇదే. మెదడు లోపల అంత నష్టం జరుగుతున్నా బయటి పరీక్షలు దాదాపు మామూలుగానే కనిపిస్తాయి.

సంచిలో ఉన్న పాత సీటీ

నాయనమ్మ తన సంచిలోంచి ఒక పాత సీటీ ఫిల్మ్ తీసింది. ఆరో నెలలో బాబు మంచం మీంచి పడ్డప్పుడు తీయించారట. "పోరన్ని మంచం మీద పండవెట్టి పోయింది డాక్టరమ్మా, జర చూసుకోవద్దా?" అని కోడలి వైపు చూడకుండానే అంది. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. పడ్డ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ మాట వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు బాబు ఇలా అయ్యేసరికి అది ఇంకా పెద్దదయింది.

ఆ సీటీ రిపోర్టులో రెండే ముక్కలున్నాయి: మెదడు ముందు, పక్క భాగాల్లో అట్రోఫీ, ఎడమ వైపు పలుచటి సబ్‌డ్యూరల్ ద్రవం, అంటే మెదడు మీది గట్టి పొర కింద చేరిన ద్రవం. పడినందుకే ఆ ద్రవం చేరిందని, దానంతటదే తగ్గుతుందని చెప్పి పంపేశారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. అట్రోఫీ అంటే మెదడు కుంచించుకుపోవడం. పసిబిడ్డ పుర్రె మెదడు పెరుగుదల వెంటే పెరుగుతుంది. మెదడు కుంచించుకుపోతుంటే తల పెరగడం కూడా మందగించాలి. ఈ బాబుకు తల గీతలు దాటి పెరుగుతుంటే, రిపోర్టులో మెదడు కుంచించుకుపోయిందని ఉంది. ఆ రెండూ కలవవు. రిపోర్టు రాసిన డాక్టరుకు తల కొలత తెలియదు, ఎందుకంటే స్కాన్ చీటీ మీద అది లేదు. తల కొలిచినవాళ్ళకు ఫిల్మ్ చూసే అవకాశం రాలేదు. ఫిల్మ్ మీద నిజానికి ఉన్నది అట్రోఫీ కాదు. కణతల దగ్గర మెదడు మూసుకోవాల్సిన చోట మూసుకోలేదు.

గర్భంలో బిడ్డ మెదడు మొదట నున్నగా ఉంటుంది. పక్కభాగంలో ఇన్సులా అనే ప్రాంతం బయటికి కనిపిస్తూ ఉంటుంది. చివరి మూడు నెలల్లో ఫ్రాంటల్ (నుదుటి వైపు), టెంపొరల్ (కణత వైపు) లోబ్‌లు పెరిగి, పైనుంచీ కిందనుంచీ వచ్చి దాన్ని కప్పేస్తాయి. ఆ రెండూ కలిసే చోట మిగిలే గాడినే సిల్వియన్ ఫిషర్ అంటాం. నెలలు నిండిన బిడ్డకు అది సన్నగా మూసుకుని ఉండాలి. ఈ బాబుకు రెండు వైపులా బార్లా తెరుచుకుని, ఇన్సులా ఖాళీగా బయటపడి ఉంది. రేడియాలజీ పుస్తకాల్లో దీన్ని గబ్బిలం రెక్కలంటారు. పెద్ద తల, తెరుచుకున్న సిల్వియన్ ఫిషర్లు, జ్వరంతో హఠాత్తుగా వచ్చిన డిస్టోనియా, మేనరికం: ఈ నాలుగూ కలిస్తే నా మనసులో మొదట నిలిచే పేరు గ్లుటారిక్ అసిడూరియా టైప్ 1.

ఎంఆర్ఐ ఎలా తీశాం, ఏం చూశాం

తీసేముందు రెండు జాగ్రత్తల గురించి చెప్పాలి. వీటి గురించి ఎక్కడా పెద్దగా మాట్లాడరు.

ఒకటి పస్తు. ఈ వయసు బిడ్డ ఎంఆర్ఐ మెషిన్‌లో అరగంట కదలకుండా ఉండాలంటే మత్తు ఇవ్వాలి. మత్తు ఇవ్వాలంటే తల్లిపాలైతే 4 గంటలు, డబ్బాపాలైతే 6 గంటలు ఆపాలి. మెషిన్ ఖాళీ లేకపోతే ఆ పస్తు ఇంకా సాగుతుంది. మెటబాలిక్ జబ్బు (ఆహారాన్ని ఒళ్ళు విరగ్గొట్టే తీరులో లోపం) అనుమానం ఉన్న బిడ్డకు పస్తు విషంతో సమానం. అందుకని డ్రిప్‌లో 10 శాతం డెక్స్ట్రోస్ (గ్లూకోజ్) ఆపకుండా ఎక్కిస్తూనే స్కాన్ చేయించాం. పంప్ మాగ్నెట్ గది బయట పెట్టి పొడవాటి ట్యూబుతో లోపలికి ఇచ్చాం. మత్తు డాక్టర్‌గారు మొదటినుంచీ చివరిదాకా పక్కనే ఉన్నారు.

రెండోది చీటీ. 'ఎంఆర్ఐ బ్రెయిన్, ఫిట్స్' అని రాస్తే ఫిట్స్‌కు సంబంధించిన జవాబే వస్తుంది. నేను రాసింది ఇది: "9 నెలల బాబు, తల చుట్టుకొలత 48.2, మేనరికం, జ్వరం మూడో రోజున డిస్టోనియా, స్పృహ బాగుంది, ఈఈజీలో ఫిట్స్ లేవు, పాత సీటీలో సిల్వియన్ ఫిషర్లు వెడల్పు. ఆర్గానిక్ అసిడీమియా అనుమానం. డిఫ్యూజన్, ఎస్‌డబ్ల్యూఐ, స్పెక్ట్రోస్కోపీ కావాలి." ఆర్గానిక్ అసిడీమియా అంటే ఒంట్లో కొన్ని యాసిడ్లు పేరుకునే జబ్బులు. చివర అడిగిన మూడూ ఎంఆర్ఐలోనే ప్రత్యేక పద్ధతులు: మొదటిది తాజా దెబ్బను, రెండోది పాత రక్తాన్ని, మూడోది మెదడులోని రసాయనాలను చూపిస్తుంది. ఆ తర్వాత రేడియాలజిస్ట్‌గారికి ఫోన్ చేసి మాట్లాడాను. ఇద్దరం ఒకే స్క్రీన్ ముందు కూర్చుని చూశాం.

టీ2 అనే రకం చిత్రాల్లో రెండు వైపులా బేసల్ గాంగ్లియాలోని పుటామెన్, కాడేట్ (ఈ రెంటినీ కలిపి స్ట్రయేటమ్ అంటాం) ఉబ్బి తెల్లగా ఉన్నాయి. మామూలుగా అవి మెదడు పైపొరలోని గ్రే మ్యాటర్ రంగులోనే ఉండాలి. డిఫ్యూజన్‌లో అవే చోట్లు బాగా వెలిగిపోతున్నాయి, దానికి జోడీగా చూసే ఏడీసీ మ్యాప్‌లో అవే నల్లగా ఉన్నాయి. అంటే అక్కడి కణాల్లోకి నీరు చేరి చిక్కుకుపోయింది. దెబ్బ తాజాది, ఈ కొద్ది రోజుల్లో తగిలిందే. ఇంకో వారం, పది రోజులు ఆగి తీస్తే డిఫ్యూజన్‌లో ఈ వెలుగు తగ్గిపోయేది, దెబ్బ ఎప్పటిదో చెప్పడం కష్టమయ్యేది. పుటామెన్ పక్కనే ఉండే గ్లోబస్ పాలిడస్ కొంత మారింది. మెదడు మధ్యలోని థాలమస్ బాగుంది, కింద ఉండే బ్రెయిన్ స్టెమ్ (మెదడు కాండం) కూడా బాగుంది.

సీటీలో కనిపించిన సిల్వియన్ ఫిషర్లు ఇక్కడ ఇంకా స్పష్టంగా ఉన్నాయి. టెంపొరల్ లోబ్ ముందు కొసలు చిన్నగా ఉండి, వాటి ముందంతా నీరే ఉంది. ఫ్రాంటల్ భాగం మీద కూడా నీరు ఎక్కువ. ఆ నీటిలోంచి మెదడు మీది సిరలు పుర్రె వైపు సాగి ఉన్నాయి. ఎడమ ఫ్రాంటల్ మీద సబ్‌డ్యూరల్ ద్రవం పలుచగా, మామూలు సీఎస్‌ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే నీరు) కన్నా కొంచెం వేరే రంగులో ఉంది. ఎస్‌డబ్ల్యూఐలో దాని అంచున పాత రక్తపు మరక ఒకటి కనిపించింది. వైట్ మ్యాటర్‌లో మైలిన్ (నరాల తీగల మీది పొర) వయసుకు తగ్గట్టు ఏర్పడలేదు. మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కెలోసమ్ ముందు భాగం టీ2లో 8వ నెలకల్లా నల్లబడాలి. ఈ బాబుకు ఇంకా నల్లబడలేదు. రెండేళ్ళలోపు పిల్లల్లో మైలిన్ చూడటానికి ఫ్లెయిర్ అనే రకం చిత్రాల మీద ఆధారపడకూడదు, టీ1, టీ2 చిత్రాలే చూడాలి.

అనుమానం వచ్చిన మిగతావాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టాం. కణాలకు శక్తి అందక వచ్చే లీ సిండ్రోమ్‌లో కూడా బేసల్ గాంగ్లియా దెబ్బతింటుంది. కానీ అందులో తరచుగా బ్రెయిన్ స్టెమ్ కూడా మారుతుంది, స్పెక్ట్రోస్కోపీలో లాక్టేట్ కనిపించే అవకాశం ఎక్కువ. ఇక్కడ రెండూ లేవు. మన దగ్గర జ్వరంతో వచ్చే పిల్లల్లో జపనీస్ ఎన్సెఫలైటిస్ గుర్తుకు రావాలి గానీ, అది ముందు థాలమస్‌ను పడుతుంది. పుట్టినప్పుడు ఊపిరి అందక జరిగే నష్టమైతే బాబు పుట్టుక కథ అలా లేదు, డిఫ్యూజన్‌లో ఇప్పుడు వెలిగే ప్రసక్తే లేదు. బయోటిన్, థయమిన్‌తో తగ్గే బేసల్ గాంగ్లియా జబ్బు ఒకటి ఉంది. దాన్ని వదిలేస్తే పాపం. రెండు విటమిన్లూ చవక, హాని లేదు. అందుకని జవాబు వచ్చేదాకా అవి కూడా ఇచ్చాం. తల పెద్దగా ఉండే అలెగ్జాండర్, కనవాన్ జబ్బుల్లో వైట్ మ్యాటర్ మార్పులే ముందుంటాయి, ఇంత హఠాత్తుగా స్ట్రయేటమ్ దెబ్బతినదు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది పిల్లల్లో తల పెద్దగా ఉండి ఫ్రాంటల్ మీద నీరు ఎక్కువగా కనిపిస్తుంది, రెండేళ్ళకల్లా అదే సర్దుకుంటుంది. అలాంటివాళ్ళలో టెంపొరల్ కొసలు మామూలు సైజులోనే ఉంటాయి, ఇన్సులా మూసుకునే ఉంటుంది. తేడా అక్కడే చూడాలి.

జవాబు రాకముందే వైద్యం

ఫిల్టర్ పేపర్ మీద ఎండబెట్టిన రక్తం టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీకి, మూత్రం జీసీఎంఎస్‌కు పంపాం. రెండూ ఇలా పేరుకునే పదార్థాలను కొలిచే పరీక్షలే. ఫలితం కోసం ఎదురుచూడలేదు. ఈ జబ్బులో ప్రతి గంటా విలువైనదే.

మన ఆహారంలోని ప్రోటీన్‌లో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే ఎమైనో యాసిడ్లు ఉంటాయి. వాటిని విరగ్గొట్టే దారిలో గ్లుటారిల్ కోఎంజైమ్ ఎ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ పనిచేయాలి. జీసీడీహెచ్ అనే జీన్ రెండు కాపీల్లోనూ లోపం ఉంటే ఆ ఎంజైమ్ సరిగ్గా పనిచేయదు. అప్పుడు గ్లుటారిక్ యాసిడ్, 3-హైడ్రాక్సీ గ్లుటారిక్ యాసిడ్ మెదడులోనే తయారై, బయటికి పోలేక పేరుకుంటాయి. ఈ జబ్బును మొదటిసారి 1975లో వివరించారు. బిడ్డ బాగున్నన్నాళ్ళూ నెట్టుకొస్తాడు. జ్వరం వచ్చి తిండి ఆగితే ఒళ్ళు తన కండలోని ప్రోటీన్‌నే కరిగించుకుంటుంది, ఒక్కసారిగా లైసిన్ వచ్చి పడుతుంది, స్ట్రయేటమ్ దెబ్బతింటుంది. ఈ గండం ఎక్కువగా మూడో నెల నుంచి మూడేళ్ళ మధ్యలో వస్తుంది, ఆరేళ్ళు దాటాక చాలా అరుదు. పాలు ఆపి సగ్గుబియ్యం నీళ్ళు పట్టడం ఎందుకు ఇంత నష్టం చేసిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ ఇంట్లో వాళ్ళు ప్రేమతోనే చేశారు. విరేచనాలకు పాలు మాన్పించడం మామూలు బిడ్డకు కూడా మంచిది కాదని మాత్రం ప్రతి తల్లికీ చెప్పాలి.

వాల్‌ప్రోయేట్ వెంటనే ఆపేశాం. అది ఒంట్లో కార్నిటిన్‌ను తగ్గిస్తుంది. పేరుకున్నదాన్ని పట్టుకుని బయటికి పంపడానికి ఈ పిల్లలకు కావాల్సింది సరిగ్గా ఆ కార్నిటినే. 10 శాతం డెక్స్ట్రోస్ సెలైన్‌తో కలిపి ఎక్కించాం, ప్రోటీన్ ఒక రోజు పూర్తిగా ఆపి రెండో రోజు నుంచి కొద్దికొద్దిగా ఇచ్చాం. ఎక్కువసేపు ఆపితే ఒళ్ళు మళ్ళీ కండనే తింటుంది. కార్నిటిన్ మామూలుగా కిలోకు రోజుకు 100 మిల్లీగ్రాములు. గండం దాటేదాకా దాన్ని రెట్టింపు చేశాం. జ్వరం ఎక్కనివ్వలేదు. డిస్టోనియాకు డయాజెపామ్, బాక్లోఫెన్ ఇచ్చాం.

రక్తంలో ఈ జబ్బుకు గుర్తయిన గ్లుటారిల్ కార్నిటిన్ ఎక్కువగా ఉందని, మూత్రంలో రెండు యాసిడ్లూ బాగా ఎక్కువున్నాయని రిపోర్టు వచ్చింది. తర్వాత జీన్ పరీక్షలో జీసీడీహెచ్‌లో రెండు కాపీల్లోనూ ఒకే మార్పు దొరికింది. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లు, అంటే ఒక్క కాపీలోనే లోపం ఉండి, జబ్బు లేనివాళ్ళు. ఇక్కడ సాటి డాక్టర్లకు ఒక మాట. కొంతమంది పిల్లల్లో మూత్రంలో ఈ యాసిడ్ పెద్దగా కనిపించదు. స్కాన్ గట్టిగా చెబుతుంటే, మూత్రం రిపోర్టు నార్మల్ అని కేసు మూసేయకూడదు. జీన్ పరీక్ష చేయించాలి.

ఆ అమ్మాయితో మాట్లాడింది

ఫలితం చెప్పడానికి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, నేను పడేసినందుకేనా ఇట్లయింది?"

ఫిల్మ్ లైట్‌బాక్స్ మీద పెట్టి చూపించాను. "లేదమ్మా. ఈ ఖాళీ చూడు. ఇది నీ కడుపులో ఉన్నప్పటి నుంచే ఉంది. మెదడు నిండాల్సిన చోట నిండలేదు కాబట్టి ఈ సిరలు సాగి ఉన్నాయి. చిన్న కుదుపుకే అవి చిట్లుతాయి. ఆ రోజు పడకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఈ రక్తం చేరే అవకాశం ఉండేది. ఇప్పుడు దెబ్బతిన్నది లోపల ఉన్న ఈ చోటు. మంచం మీంచి పడితే ఇక్కడ ఇలా కాదు." నాయనమ్మ వైపు తిరిగి, "అవ్వా, ఇది ఎవరి తప్పూ కాదు. మీ కొడుకు నుంచి సగం, కోడలి నుంచి సగం వచ్చింది, వాళ్ళిద్దరికీ కూడా తెలియకుండానే," అన్నాను. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి కోడలి ఒళ్ళోంచి బాబును తీసుకుని, "నువ్వు పోయి ఇంత తిని రా బిడ్డా," అంది.

పసిబిడ్డ మెదడు మీద సబ్‌డ్యూరల్ రక్తం కనబడితే కొట్టారేమోనన్న అనుమానం రావడం సహజం, ఆ అనుమానం రావాలి కూడా. కొన్ని దేశాల్లో ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులను అలా తప్పుగా అనుమానించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మన దగ్గర పోలీసుల దాకా వెళ్ళకపోవచ్చు. కానీ ఇంట్లో కోడలి మీద పడే నింద పోలీసు కేసు కన్నా తక్కువేం కాదు. అందుకే ఈ ముక్క వివరంగా చెప్పడానికి టైమ్ పెట్టాను.

బాబు ఇప్పుడు

స్ట్రయేటమ్‌లో చనిపోయిన కణాలు తిరిగి రావు. ఈ మాట మొదటి వారంలోనే చెప్పాం, ఆశలు పెంచలేదు. ఇప్పుడు బాబుకు నాలుగేళ్ళు. ప్రత్యేకమైన కుర్చీలో కూర్చుంటాడు. మాట స్పష్టంగా రాదు గానీ అన్నీ అర్థమవుతాయి. బొమ్మల చార్ట్ మీద కంటిచూపుతో కావాల్సింది చూపిస్తాడు. మింగడం కష్టమయ్యేసరికి ఏడాదిన్నర వయసులో కడుపుకు ట్యూబ్ వేయించాం, ఆ తర్వాత బరువు బాగా పెరిగాడు. రెండేళ్ళప్పుడు తీసిన ఎంఆర్ఐలో పుటామెన్ కుంచించుకుపోయి సన్నటి తెల్లటి గీతలా మిగిలింది. సబ్‌డ్యూరల్ పూర్తిగా పోయింది.

చెల్లి

బాబుకు రెండేళ్ళు దాటాక ఆ అమ్మాయి మళ్ళీ గర్భవతి అయింది. మా దగ్గరికి వచ్చేసరికి ఆరో నెల దగ్గర పడుతోంది. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ముందే వచ్చి ఉంటే ఉమ్మనీరు పరీక్ష గురించి తీరిగ్గా మాట్లాడుకునేవాళ్ళం. కొడుకు జీన్ మార్పు తెలుసు కాబట్టి ఆ పరీక్ష కచ్చితంగా చెప్పగలిగేది. అప్పటికి వాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేశారు. బిడ్డ ఎలా ఉన్నా కావాలి, పుట్టిన వెంటనే పరీక్ష చేయించి వైద్యం మొదలుపెడదామన్నారు. అది వాళ్ళ నిర్ణయం. నేను గౌరవించాను.

పాప పుట్టిన మూడో రోజు మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి పంపాం. గ్లుటారిల్ కార్నిటిన్ ఎక్కువే వచ్చింది. కార్నిటిన్ ఆ రోజే మొదలైంది. తల్లిపాలు ఆపలేదు. తల్లిపాలలో ప్రోటీన్ 100 మిల్లీలీటర్లకు దాదాపు ఒక గ్రామే ఉంటుంది, గేదె పాలలో దాని కన్నా మూడు రెట్లకు పైగా ఉంటుంది. కాబట్టి ఈ పిల్లలకు తల్లిపాలు లెక్కతో ఇవ్వడం సాధ్యమే.

మూడో వారంలో ఎంఆర్ఐ తీశాం. ఈసారి మత్తు అక్కర్లేదు. పాలు తాగించి, చెవులకు రక్షణ పెట్టి, గుడ్డలో బిగుతుగా చుట్టి పడుకోబెడితే ఆ వయసు పిల్లలు మెషిన్‌లోనే నిద్రపోతారు. అన్న స్కాన్, చెల్లి స్కాన్ పక్కపక్కనే తెరిచి చూశాం. సిల్వియన్ ఫిషర్లు అచ్చంగా అవే. టెంపొరల్ కొసలు అలాగే చిన్నవి, ముందు నీరు అలాగే ఉంది. కానీ పుటామెన్, కాడేట్ మాత్రం చక్కగా ఉన్నాయి. డిఫ్యూజన్‌లో ఒక్క మెరుపు లేదు.

ఈ కేసులో నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు చిత్రాల్లో ఉంది. మెదడు ఆకారంలో కనిపించే తేడా పుట్టకముందు నుంచే ఉంటుంది. స్ట్రయేటమ్ నష్టం తర్వాత, ఎక్కువగా ఒకే ఒక్క జ్వరంలో జరుగుతుంది. మధ్యలో నెలల గడువు ఉంటుంది. ఆ గడువులోనే అన్నకు ఒక సీటీ తీశారు. అందులో ఫిషర్లు కనిపిస్తూనే ఉన్నాయి.

పాపకు ఆహారం విషయంలో చాలా కష్టపడ్డాం. లైసిన్ లేని ప్రత్యేక పాలపొడి ఖరీదు ఎక్కువ, కొన్నిసార్లు నెలలు తరబడి దొరకలేదు. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన జబ్బుల విధానంలో గ్లుటారిక్ అసిడూరియా టైప్ 1 కూడా ఉంది. మన నగరంలో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి ఆ పథకం కింద కేంద్రంగా ఉన్నాయి. 2022 నుంచి ఒక్కో రోగికి 50 లక్షల వరకు సాయానికి వీలుంది. దరఖాస్తు పెట్టించాం, ఆలస్యమైనా మంజూరైంది. ఈ సంగతి తెలియక సొంత డబ్బుతో అప్పులపాలవుతున్న కుటుంబాలున్నాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆరో నెల తర్వాత అన్నప్రాశన అయ్యాక, మా డైటీషియన్ గిన్నెలతో లెక్క నేర్పించారు. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసంలో లైసిన్ ఎక్కువ. బియ్యంలో తక్కువ, జొన్నలో ఇంకా తక్కువ. పసిబిడ్డకు పప్పుకట్టు పెట్టడం బలమని నమ్మే ఇంట్లో దాన్ని కొలిచి పెట్టమనడం తేలికైన మాట కాదు. నాయనమ్మ ఒక చిన్న స్టీల్ గిన్నెకు లోపలి వైపు గోళ్ళరంగుతో గీత గీసింది. పప్పు ఆ గీత దాటదు. జొన్న జావ, అన్నం, కూరగాయలు, పండ్లు ధారాళంగా పెడుతుంది. ఏడాదిలోపు కిలోకు రోజుకు 90 మిల్లీగ్రాముల లైసిన్ దగ్గర ఉంచమని మేం చెప్పే లెక్క ఆమెకు ఆ గీత రూపంలో అర్థమైంది.

ఇంకోటి, లామినేట్ చేసిన కాగితం. ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు. పైన పాప జబ్బు పేరు, కింద పెద్ద అక్షరాలతో: "జ్వరం, వాంతులు, విరేచనాలు, తిండి మానేయడం, వీటిలో ఏది వచ్చినా ఇంట్లో ఆగవద్దు. స్పృహ బాగున్నా సరే, షుగర్ నార్మల్ ఉన్నా సరే, వెంటనే 10 శాతం డెక్స్ట్రోస్ డ్రిప్ పెట్టండి. కార్నిటిన్ రెట్టింపు చేయండి. వాల్‌ప్రోయేట్ ఇవ్వకండి. తర్వాత ఈ నంబరుకు ఫోన్ చేయండి." పాపకు పదకొండో నెలలో, సూర్యాపేటలో పెళ్ళికి వెళ్ళినప్పుడు, అర్ధరాత్రి వాంతులు మొదలయ్యాయి. తండ్రి ఆ కాగితం పట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఈ జబ్బు పేరు ఎప్పుడూ వినలేదట. అయినా కాగితం చదివి డ్రిప్ పెట్టి, తర్వాత నాకు ఫోన్ చేశారు. పొద్దున్నకల్లా పాపను హైదరాబాద్ తీసుకొచ్చారు. ఏం కాలేదు. టీకాలన్నీ టైమ్‌కు వేయించాం. జ్వరం వస్తుందని భయపడి టీకా మానేస్తే ఇంకా పెద్ద జ్వరాలు వస్తాయి.

పాపకు ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. పద్నాలుగో నెలలో నడిచింది. తల పెద్దగానే ఉంది. ఏడాది నిండాక తీసిన రెండో ఎంఆర్ఐలో ఫిషర్లు కొంత సన్నబడ్డాయి, బేసల్ గాంగ్లియా బాగానే ఉంది, మైలిన్ వయసుకు దగ్గరగా వచ్చింది. ఆరేళ్ళు నిండేదాకా ఇదే పద్ధతి కొనసాగుతుంది.

సాటి డాక్టర్లను అడిగేది ఇది. పసిబిడ్డ స్కాన్ చీటీ మీద తల చుట్టుకొలత, మేనరికం సంగతి రాయండి. స్కాన్ చదివేవాళ్ళు, రెండేళ్ళలోపు బిడ్డకు ఫ్రాంటల్, టెంపొరల్ భాగాల్లో అట్రోఫీ అని రాసేముందు ఫోన్ చేసి తల కొలత అడగండి. తల పెద్దదై, ఫిషర్లు తెరుచుకుని ఉంటే, బిడ్డ ఎంత బాగున్నా రక్తపు చుక్కల పరీక్షకు పంపండి. అన్ని ఆసుపత్రుల్లోనూ పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష జరిగే రోజు వస్తే స్కాన్ దాకా రావాల్సిన పనే ఉండదు. అప్పటిదాకా ఈ పని స్కాన్ చూసేవాళ్ళ కళ్ళ మీదే ఉంది.

ఆ కుటుంబంలో తండ్రి చెల్లెలికి సంబంధం చూస్తున్నారు, అదీ మేనరికమే. పోయిన నెల నాయనమ్మే స్వయంగా ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చింది. క్యారియర్ పరీక్షకు రక్తం పంపాం. రిపోర్టు వచ్చాకే ముహూర్తం గురించి మాట్లాడతామని చెప్పి వెళ్ళారు.